గోల్డ్‌వింగ్ వెనక చక్రానికి కారు టైరు: సైజు, బిగింపు, గాలి, ఘాట్ రోడ్డు

#1 డాల్ఫిన్‌నోస్

బండి హోండా గోల్డ్‌వింగ్ జీఎల్1800, 2018కి ముందు మోడల్. వెనక టైరు 180/60 ఆర్16 74హెచ్. మధ్యలో గుండైపోయింది, అంచుల్లో బటన్లు (టైరు మీది రబ్బరు గుబ్బలు) మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. వాడకం ఎక్కువగా ఎన్‌హెచ్‌-16 మీద విజయవాడ వైపు, అప్పుడప్పుడు అరకు, లంబసింగి. ఇద్దరు మనుషులు, మూడు పెట్టెల నిండా సామాను.

బైకు టైరు కావాలంటే ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. 195/55 ఆర్16 కారు టైరేమో ఊళ్లో ఏ పెద్ద షాపుకెళ్లినా దొరుకుతుంది. బాలెనోకి, ఐ20కి వచ్చే సైజే కదా. బయటి దేశాల్లో గోల్డ్‌వింగ్ వాళ్లు దీన్ని ‘డార్క్ సైడ్’ అంటారు, చాలామంది వేస్తున్నారు. నాకు కావలసినవి: పడుతుందా, ఎలా ఎక్కించాలి, గాలి ఎంత, ఘాట్‌లో ఎలా ఉంటుంది. వద్దనేవాళ్లు కూడా రాయండి, కాకపోతే కారణంతో రాయండి.

#2 లెక్కల_మాస్టారు

ముందు చుట్టు కొలత సంగతి తేల్చేద్దాం. 180/60 ఆర్16 అంటే వెడల్పు 180 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 16 అంగుళాలు.

180/60 ఆర్16: రిమ్ము 406.4 మి.మీ., పక్క గోడలు 108 చొప్పున రెండు. మొత్తం వ్యాసం 622.4 మి.మీ.
195/55 ఆర్16: 406.4, దానికి 107.25 చొప్పున రెండు. మొత్తం 620.9 మి.మీ.

తేడా ఒకటిన్నర మిల్లీమీటరు. కొత్త టైరుకీ సగం అరిగిన టైరుకీ అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది. కాబట్టి స్పీడోమీటరు, ఏబీఎస్ గురించి బెంగ అక్కర్లేదు. షాపువాడు 195/55 లేదని 195/60 అంటగట్టబోతే మాత్రం ఒప్పుకోవద్దు. అది 640.4 మి.మీ., దాదాపు 3 శాతం పెద్దది. ఫెండరు లోపల చోటు తగ్గుతుంది, సీటు ఎత్తూ పెరుగుతుంది.

ఇక వెడల్పు. 195 అనే అంకె 6 అంగుళాల రిమ్ము మీద కొలిచింది. రిమ్ము అర అంగుళం తగ్గితే టైరు వెడల్పు సుమారు 5 మి.మీ. తగ్గుతుంది. గోల్డ్‌వింగ్ వెనక రిమ్ము 5 అంగుళాలు. అంటే అసలు వెడల్పు 185 దగ్గరికి వస్తుంది. అందుకే పక్కల తగలకుండా దూరుతుంది.

దూరింది కదా అని సంబరపడొద్దు. 195/55కి టైరు తయారీ ప్రమాణాలు ఒప్పుకునే రిమ్ము 5.5 నుంచి 7 అంగుళాలు. మనది దానికంటే ఇరుకు. ఇరుకు రిమ్ము మీద పక్క గోడలు లోపలికి నొక్కుకుని నడినెత్తి ఉబ్బుతుంది, అప్పుడు మధ్య బటన్లే ముందు అరుగుతాయి. గాలి ఎక్కువైతే ఆ ఉబ్బు ఇంకా పెరుగుతుంది.

లోడు: మీ బైకు టైరు మీది 74 అంటే 375 కిలోలు, ఈ కారు టైరు మీద ఉండే 87 అంటే 545 కిలోలు. ‘అబ్బో 170 కిలోలు ఎక్కువ’ అనుకోకండి. ఆ 545 నిటారుగా తిరిగే చక్రానికి, సరైన రిమ్ము మీద, 36 పీఎస్‌ఐ గాలికి ఇచ్చిన అంకె. వాలి తిరిగే చక్రానికి ఎవరూ అంకె ఇవ్వలేదు.

#3 చీకటి_వైపు

మాస్టారి లెక్కకి ఎదురులేదు. నేను వేయమనే పక్షం, కాబట్టి లాభాల సంగతి నేను చెబుతాను.

బరువైన టూరర్ హైవే మీద పొద్దస్తమానం నిటారుగానే పోతుంది. బైకు టైరు గుండ్రం కాబట్టి నేలకి ఆనేది మధ్యలో సన్నటి పట్టీ, బరువంతా దాని మీదే. మీ టైరు మధ్యలో గుండయ్యి అంచులు మిగిలింది అందుకే. కారు టైరు వెడల్పుగా ఆనుతుంది, రబ్బరు గట్టిది, బటన్ లోతు ఎక్కువ. ఆయుష్షు రెండింతలకి తగ్గదు. నిటారుగా బ్రేకు కొట్టినప్పుడు వెనక పట్టు కూడా బాగుంటుంది.

తీసుకుంటే రన్‌ఫ్లాట్ (గాలి పోయినా కొంత దూరం నడిచే టైరు) తీసుకోండి. 195/55 ఆర్16లో మినీ కూపర్ కోసం వచ్చే రన్‌ఫ్లాట్లు ఉన్నాయి. వాటి పక్క గోడ మందం కాబట్టి వాలినప్పుడు మామూలు కారు టైరులా మెత్తగా నలగదు. బండి వెనక భాగం ఊగినట్టు ఉండేది ఆ నలుగుడు వల్లే.

ముందు చక్రానికి మాత్రం కారు టైరు ఊసే ఎత్తకండి. అక్కడ గుండ్రం లేకపోతే బండి తిరగదు.

#4 ఘాట్_రోడ్డు

నేను వద్దనే పక్షం. కారణాలు అడిగారు కాబట్టి రాస్తున్నాను.

బైకు ఎడమకి వాలినప్పుడు గుండ్రటి టైరు నేలకి ఆనే చోటు నెమ్మదిగా, జారుతున్నట్టు ఎడమకి పోతుంది. చదునైన టైరుకి ఆ దారి లేదు. ముందు పక్క గోడ నలుగుతుంది, తర్వాత భుజం (చదునుకీ పక్క గోడకీ మధ్య మూల) మీదికి ఎక్కుతుంది. అప్పుడు నేల తోసే బలం చక్రం నడిరేఖ మీద ఉండదు, ఎడమ అంచున ఉంటుంది. అది బండిని తిరిగి నిటారుగా లేపాలని చూస్తుంది. వంపు ఉన్నంతసేపూ హ్యాండిల్ లోపలి వైపు పట్టి ఉంచాలి. వదిలితే బండి లేచి బయటికి పోతుంది. ఘాట్‌లో బయటంటే ఎదురు లారీ వచ్చే వరస, లేదా లోయ.

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఎక్కేటప్పుడు మలుపు వెంట మలుపు. కుడి నుంచి ఎడమకి మారే ప్రతిసారీ ఒక భుజం దిగి చదును మీదుగా రెండో భుజం ఎక్కాలి. మధ్యలో ఒక క్షణం బండి ‘ఎటూ కాకుండా’ ఉంటుంది. అలవాటైనవాళ్లకి అది లెక్కలోకి రాదు. వెనక కూర్చున్న మనిషి అదే క్షణంలో కదిలితే లెక్కలోకి వస్తుంది.

దీనికంటే పెద్ద చిక్కు ఊళ్లో ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. రోడ్డు పొడుగునా ఉండే అంచులు. కొత్త తారు పొర పాత పొర మీద ఆగిన చోటు, పైపుల కోసం తవ్వి పూడ్చిన గాడి, సిమెంటు రోడ్డు పక్క తారు అతుకు. గుండ్రటి టైరు వీటి మీదుగా దొర్లిపోతుంది. చదును టైరుకి ఒక అంచు పైకి లేస్తుంది, నేల బలమంతా ఆ అంచు మీదికి పోతుంది. ఎత్తు కుడివైపుంటే బండి ఎడమకి తూలుతుంది. పెందుర్తి రోడ్డు మీదో, గాజువాక దగ్గరో లారీల మధ్య 20 స్పీడులో పాకుతూ, నాలుగు వందల కిలోల పైచిలుకు బండి ఒక్కసారి పక్కకి తూలితే కాలు ఆనించి ఆపగలరా? చూసుకోండి.

#5 మీటియర్_650

అన్నలూ, మధ్యలో దూరుతున్నందుకు ఏటీ అనుకోకండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650కి కూడా ఇలాగ వేసుకోవచ్చా? అదీ 16 అంగుళాలే కదా.

#6 లెక్కల_మాస్టారు

వద్దు తమ్ముడూ. నీది 150/80-16, వ్యాసం 646 మి.మీ. అంత సన్నటి 16 అంగుళాల కారు టైరు మన బజారులో రాదు. స్టెప్నీ కోసం వచ్చే సన్న టైర్లు తాత్కాలికం, వాటి జోలికి పోకు. పైగా నీకు గొలుసు ఉంది, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) రెండు వైపులా ఉంది. వెడల్పు టైరు గొలుసుని గీరుతుంది. గోల్డ్‌వింగ్‌కి గొలుసు బదులు షాఫ్టు, స్వింగార్మ్ ఒక వైపే. అందుకే ఈ పిచ్చి అక్కడ నడుస్తోంది.

#7 ఆటోనగర్_బీడు

వేయాలా వద్దా అన్నది మీరూ మీరూ తేల్చుకోండి. వేసేటట్టయితే ఎక్కించే పద్ధతి ఇది. బైకు అల్లాయ్ రిమ్ములో బీడ్ (రిమ్ముని పట్టుకునే టైరు లోపలి అంచు) కూర్చునే గాడి, కారు రిమ్ము గాడి ఒకే ఆకారం కాదు. కారు బీడ్ మందం, గట్టి. గొడవంతా అక్కడే.

చక్రం విప్పడం: సెంటర్ స్టాండ్ మీద పెట్టి, బండి ముందుకి దొర్లకుండా ముందు బ్రేకు లివరుకి బెల్టు కట్టండి. వెనక ఐదు నట్లు ఉంటాయి. స్టాండ్ ఎక్కించక ముందు, చక్రం నేల మీద ఆని ఉన్నప్పుడే వాటిని సగం చుట్టు వదులు చేయాలి, గాల్లో లేపాక బలం పెడితే బండి కదులుతుంది.

పాత టైరు: వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా పోయాకే బీడ్ విరవండి. రన్‌ఫ్లాట్ వేసేటట్టయితే చేత్తో, లివర్లతో కుదరదు. సహాయక చెయ్యి ఉన్న మెషీను కావాలి. షాపులోకి అడుగు పెట్టగానే ముందు అదుందో లేదో చూడండి. మెషీను దవడలకి ప్లాస్టిక్ తొడుగులు వేయించండి, లేకపోతే అల్లాయ్ మీద నాలుగు గాట్లు ఖాయం. డిస్కు చక్రంతో పాటే వస్తే డిస్కు వైపు కింద పెట్టి చక్రాన్ని ఆనించొద్దు.

కొత్త టైరు: షాపుల్లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచుతారు, అందుకని రెండు బీడ్‌లూ దగ్గరికి నొక్కుకుపోయి ఉంటాయి. ముందు రోజు రాత్రి మధ్యలో రెండు చెక్క ముక్కలు అడ్డం పెట్టి విడదీసి ఉంచండి. ఎక్కించే ముందు అరగంట ఎండలో పెట్టండి. మన ఊరి ఎండకి రబ్బరు ఎంత మెత్తబడుతుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. సగం పని అక్కడే అయిపోతుంది. పక్కన తిరిగే దిక్కు బాణం ఉంటే దాన్ని పాటించండి. పసుపు చుక్క ఉంటే వాల్వు దగ్గరికి రావాలి, అది తేలిక వైపు గుర్తు.

పూత: టైర్ల పేస్టు రెండు బీడ్‌లకీ, రిమ్ము గాడి లోపలి గట్టుకీ రాయండి. కారు బీడ్ దాటి కూర్చోవలసింది ఆ గట్టునే. అక్కడ పొడిగా వదిలేస్తే ఎంత గాలి కొట్టినా రాదు. గ్రీజు, ఇంజనాయిలు వద్దు. రబ్బరుని తినేస్తాయి, తర్వాత టైరు రిమ్ము మీద జారుతుంది. గిన్నెలు తోమే సబ్బు కూడా వద్దు, ఆరాక అల్లాయ్‌ని కొరుకుతుంది.

రెండో బీడ్ ఎక్కించేటప్పుడు వాల్వుకి ఎదుటి వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి. మొదలెట్టిన వైపు బీడ్ రిమ్ము నడి పల్లంలో ఉండేలా మోకాలితో నొక్కి పట్టాలి. ఆఖరి జానెడు బిగుసుకుందంటే బలం తక్కువై కాదు, ఎదుటి వైపు బీడ్ పల్లంలోంచి పైకి లేచింది. బలం పెట్టకండి, అటు నొక్కండి.

రబ్బరు వాల్వు ఉంటే టైరుతో పాటు మార్చేయండి. గాలి పీడనం సెన్సారు ఉంటే లివరు దానికి తగలకుండా చూసుకోవాలి.

బ్యాలెన్సింగ్ మామూలే. నట్లు నక్షత్రం వరసలో, 108 న్యూటన్ మీటర్లు, టార్క్ పానాతో. 100 కి.మీ. తిరిగాక మళ్లీ చూడండి.

#8 డాల్ఫిన్‌నోస్

ఇది భద్రంగా దాచుకుంటాను గురూ. ఒక్క సందేహం. ఒక షాపులో ‘70 పాయింట్లు (పీఎస్‌ఐ) కొడితే ఠాప్ మని కూర్చుంటుంది, అందరికీ అలాగే చేస్తాం’ అన్నారు. సరేనా?

#9 ఆటోనగర్_బీడు

కాదు. ఆ షాపులోంచి చక్రం తీసుకుని వచ్చేయండి.

బీడ్ కూర్చోబెట్టడానికి 40 పీఎస్‌ఐ హద్దు. దాటితే రెండు జరగొచ్చు. ఒకటి, బీడ్ లోపలి ఉక్కు తీగ తెగడం. రెండు, రిమ్ము అంచు విరగడం. బైకు రిమ్ముని ఈ బీడ్ కోసం చేయలేదు, అందుకే రెండోది ఇక్కడ మరీ దగ్గర. అప్పుడు టైరు నిదానంగా గాలి వదలదు, పేలుతుంది. మీద వంగి ఉన్న మనిషి ముఖం, చేతులే దాని దారి.

చేయవలసింది ఇది. వాల్వు పిన్ను తీసేసి, క్లిప్పు ఉన్న పొడుగు పైపుతో, గేజి మధ్యలో పెట్టి, రెండు మీటర్ల దూరంలో పక్కకి నిలబడి గాలి పెట్టండి. పిన్ను లేకపోతే గాలి ఒక్క ఊపున పోతుంది, బీడ్ గట్టు దాటడానికి ఆ ఊపే కావాలి. అసలు గాలే పట్టకపోతే టైరు చుట్టూ బెల్టు వేసి బిగించండి, మధ్య నొక్కుకుని బీడ్‌లు పక్కలకి తెరుచుకుంటాయి. 40 దగ్గర కూర్చోలేదా, గాలి తీసేయండి, బీడ్ విరిచి పావు చుట్టు తిప్పండి, పేస్టు మళ్లీ రాసి మొదటినుంచి. మూడు నాలుగు సార్లు పట్టినా పరవాలేదు. పెట్రోలు చల్లి నిప్పంటించే విద్య వీడియోల్లో చూసి ఇక్కడ ఎవరూ అడగకండి.

రెండు చప్పుళ్లు వినపడగానే అయిపోయిందనుకోకండి. బీడ్ పైన రిమ్ము అంచుకి సమాంతరంగా టైరు మీద అచ్చుపోసిన సన్న గీత ఉంటుంది. ఆ గీతకీ రిమ్ముకీ మధ్య ఎడం చుట్టూ ఒకేలా ఉందో లేదో రెండు వైపులా చూడాలి. ఒకచోట గీత రిమ్ము లోపలికి మునిగిందంటే అక్కడ బీడ్ కూర్చోలేదు. అలా తిప్పితే 60 దాటాక వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు.

#10 ఉప్పుగాలి

బీడు గురువు గారు ఒకటి వదిలేశారు. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు ఉండే బళ్లకి ఇది మరీ ముఖ్యం. పాత టైరు తీయగానే రిమ్ము గాడిలో తెల్లటి పొడి ఉందేమో చూడండి. అల్యూమినియం ఉప్పుగాలికి తిన్న గుర్తు అది. రంగు పొర కింద నుంచి బుడగలా లేస్తుంది, గోరుతో గీకితే రాలుతుంది. పొడి వరకే అయితే పచ్చ స్క్రబ్బరుతో, నీళ్లతో రుద్ది ఆరబెట్టండి. ఇసుక కాగితం వద్దు, గీతల వెంట గాలి పోతుంది. గోరు అంచు పడేంత గుంటలు ఉన్నాయంటే రిమ్ముని బాగుచేసేవాళ్లకి చూపించాలి. బైకు బీడ్ మెత్తగా ఆ గుంటల్ని కొంతవరకు పూడుస్తుంది. గట్టి కారు బీడ్ పూడ్చదు. వారానికి 4, 5 పాయింట్లు గాలి దిగిపోతుంటే వాల్వునే అనుమానించకండి, సబ్బు నీళ్లు రిమ్ము అంచు చుట్టూ పోసి చూడండి.

#11 చీకటి_వైపు

గాలి గురించి అడిగారు. పుస్తకంలో రాసిన 41 పీఎస్‌ఐ బైకు టైరుకి. కారు టైరుకి అదే కొడితే నడినెత్తి మీదే తిరుగుతుంది. రన్‌ఫ్లాట్‌కి 30 దగ్గర, మామూలు టైరుకి 36 దగ్గర మొదలుపెట్టండి. తర్వాత సుద్దముక్కతో టైరుకి అడ్డంగా మందపాటి గీత గీసి, ఇద్దరూ ఎక్కి సామానుతో తిన్నగా రెండు వందల మీటర్లు పోయి దిగి చూడండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ. అంచుల్లో చెరిగి మధ్య మిగిలితే తక్కువ. రెండేసి పాయింట్లు మార్చుకుంటూ పోండి.

వేడి కూడా చూడండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొలిచినదానికి, గంటసేపు హైవే మీద పోయాక కొలిచినదానికి తేడా పది శాతం లోపు ఉండాలి. 30 కాస్తా 35 అయ్యిందంటే పక్క గోడ ఎక్కువ నలుగుతోంది, గాలి చాలలేదు.

#12 ఘాట్_రోడ్డు

రన్‌ఫ్లాట్ మీద ఒక మాట. గాలి పోయినా 80 స్పీడులో 80 కి.మీ. వెళ్లొచ్చన్న హామీ కారు రిమ్ముకి ఇచ్చింది. అక్కడ బీడ్ జారకుండా పట్టుకునే గట్టు దానికి సరిపడా ఉంటుంది. బైకు రిమ్ము గట్టు దానికోసం కాదు. ఇంకోటి, పక్క గోడ గట్టిది కాబట్టి గాలి సగం పోయినా బండి మీద ఉన్న మనిషికి తెలియదు. పీడనం సెన్సారు లేకుండా రన్‌ఫ్లాట్ వేయడమంటే పంచర్‌ని దాచిపెట్టుకోవడమే.

వానలో కారు టైరే మేలని కొందరు రాస్తుంటారు. గాడులు లోతే, ఒప్పుకుంటాను. కానీ వెడల్పుగా, పొట్టిగా ఆనే టైరు నీటి పొర మీద తొందరగా తేలుతుంది. సన్నగా, గుండ్రంగా ఆనే బైకు టైరు నీటిని రెండు పక్కలకీ చీల్చుకుంటూ పోతుంది. అక్టోబరు వాయుగుండం రోజుల్లో ఆనందపురం బైపాస్ మీద నీళ్లు నిలిచిన చోట 100 మీద పోవద్దు.

#13 చీకటి_వైపు

వాన మాట ఒప్పుకున్నాను. సెన్సారు మాట కూడా.

#14 ఫైలు_నంబరు

కాగితాల సంగతి కూడా చూసుకోండి. ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైర్లకి ఐఎస్ 15627, కార్ల టైర్లకి ఐఎస్ 15633. రెండూ వేరు ప్రమాణాలు, పక్క గోడ మీదే అచ్చు ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. చలానా మాట అలా ఉంచండి, ప్రమాదం జరిగినప్పుడు బీమా సర్వేయరు ముందు ఫొటో తీసేది టైరు పక్క గోడనే. వెనక కూర్చున్నవాళ్లకి దెబ్బ తగిలితే ఆ ఫొటో మీదే వాదన నడుస్తుంది.

#15 డాల్ఫిన్‌నోస్

పాత టైరు విప్పించాను. ఉప్పుగాలి గారు చెప్పినట్టే, గాడిలో ఒక పక్క తెల్ల పొడి. రుద్దాక చిటికెనవేలి గోరంత గుంట, దాని పక్కనే చిన్నవి రెండు. గోరు పడుతోంది. బీడు గురూ, దీని మీద కారు టైరు కూర్చుంటుందా?

#16 ఆటోనగర్_బీడు

కూర్చుంటుంది, నిలవదు. ముందు రిమ్ము బాగుచేయించండి. ఆ గుంట వెల్డింగు చేసి లేతులో పట్టించినప్పుడు గాడి కొలత వెంట్రుకవాసి మారినా కారు బీడ్‌కి మరీ ఇబ్బంది. ఈ రిమ్ముకి బైకు టైరే వేయండి.

#17 డాల్ఫిన్‌నోస్

సరే. డన్‌లాప్ ఎలీట్ 4, 180/60 ఆర్16కి ఆర్డరు పెట్టాను. రిమ్ము ఈలోగా అవుతుంది. చీకటి_వైపు గారు ఏమీ అనుకోవద్దు.

#18 చీకటి_వైపు

ఆ రిమ్ము మీద నేనైనా అదే చేస్తాను.

#19 లెక్కల_మాస్టారు

టైరు రాగానే డబ్బు కట్టే ముందు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైంది. ఎక్కువమంది కొనని సైజు కాబట్టి గోదాములో మూడు నాలుగేళ్లు పడి ఉన్నది పంపొచ్చు. ఆ అంకెలు ఒక వైపే ఉంటాయి, రెండు వైపులా తిప్పి చూడండి.

#20 ఆటోనగర్_బీడు

ఎక్కించే ముందే చూడండి. ఎక్కించాక ఎవడూ వెనక్కి తీసుకోడు.